రీఫ్ చూడాల్నా, మునిగిన ఓడ చూడాల్నా: మన దిక్కు నుంచి స్కూబా ట్రిప్ పోయేటోళ్లు ఎట్ల ఎంచుకోవాలె

నేను ఈత నేర్చింది బాయిల. మాది నల్లగొండ దిక్కు, ఎండకాలం సెలవులల్ల నడుముకు ఎండిన ఆనిగెపుకాయ బుర్ర కట్టి మా పెదనాయిన బాయిలకు నూకుతుండె, వారం తిరిగేసరికి బుర్ర ఇప్పేసి అడుగుదాక మునిగి పిడికెడు మన్ను పట్టుకొచ్చి చూపిచ్చే పందేలు పెట్టుకునేటోళ్లం. తర్వాత పెద్దగైనంక సోమశిల నుంచి పడవల పోయి సంగమేశ్వరం చూసిన. శ్రీశైలం నీళ్లు తగ్గితె ఎండకాలం బయటపడి, వానలొస్తె మళ్ల మునిగిపోయే గుడి అది, లోపల వేపకట్టె లింగం. నీళ్ల కింద ఏమున్నదో చూడాలె అనే పిచ్చి నాకు గాడనే పట్టింది.

ఇప్పుడు స్కూబా డైవింగ్‌కు, అంటె వీపుకు గాలి సిలిండర్ కట్టుకొని నీళ్ల కిందికి, పోతున్ననని తెలిసి సోపతిగాళ్లు, ఆఫీసోళ్లు, మా మేనల్లుడు కూడా ఒకటే అడుగుతరు, అన్నా అండమాన్ మంచిగుంటదా మాల్దీవులు మంచిగుంటదా, లేకుంటె ఆ యుద్ధంల మునిగిన ఓడలున్న కాడికి పోవాల్నా అని. అందరికీ ఒకటే చెప్త. ఫోటో చూసి ఊరు ఎంచుకోకుండ్రి. ముందు మీ కార్డు (డైవింగ్ కోర్సు పాసైతె ఇచ్చేది) ఏంది, లాగ్‌బుక్కుల, అంటె చేసిన డైవులు రాసుకునే పుస్తకంల, ఎన్ని డైవులున్నయి, చేతుల ఎన్ని దినాల సెలవున్నది చూసుకోండ్రి, ఆ మూడు తేలినంక ఊరు దానంతట అదే తేలుతది.

ముందు ఏం చూసుకోవాలె

మొదటిది లోతు. ఏ ట్రైనింగ్ లేకుండ ఇన్‌స్ట్రక్టర్ పట్టుకొని తీస్కపోయే డైవ్ 12 మీటర్లకు మించదు. మొదటి కోర్సు ఓపెన్ వాటర్ కార్డుంటె 18 మీటర్లు, దాని మీది కోర్సు అడ్వాన్స్‌డ్ ఉంటె 30. సరదాకు చేసే డైవింగ్‌కు ఎంత చేసినా 40 మీటర్లే హద్దు, అది దాటితె టెక్నికల్ డైవింగ్, దాని గ్యాసులు వేరే, చదువు వేరే. ఇక్కడ్నే రీఫ్‌కూ (సముద్రంల కోరల్, అంటె పగడాలు, పెరిగి కట్టిన దిబ్బ) ఓడకూ ఉన్న అసలు తేడా తెలుస్తది. రీఫ్ అనేది చాలా కాడ మూడు నాలుగు మీటర్ల నుంచి మొదలై కిందికి దిగుతది, మీ కార్డు ఎంతవరకో అంతవరకు చూసి రావచ్చు. ఓడ అట్ల కాదు, అది ఎక్కడ పడ్డదో అక్కడ్నే పండుకొని ఉంటది. రీఫ్ మీ లోతుకొస్తది, ఓడ లోతుకు మీరే పోవాలె.

రెండోది దినాలు. డైవ్ చేసినంక వెంటనే ఫ్లైట్ ఎక్కొద్దు, ఒంట్ల కలిసిన నైట్రోజన్ బయటికి పోవడానికి టైం కావాలె. ఒక్క డైవ్ చేస్తె కనీసం 12 గంటలు, వరుసగ రోజూ చేస్తె కనీసం 18 గంటలు ఆగాలె. అంటె చివరి దినం మొత్తం పొడి దినమే. మహబూబ్‌నగర్ వాళ్లకు శంషాబాద్ దగ్గర, మాకు ఇంకో గంట ఎక్కువ, ఏదైనా పోను రాను రెండు దినాలు, పొడి దినం ఒకటి తీసేస్తె అయిదు దినాల సెలవుల డైవింగ్‌కు మిగిలేది రెండు దినాలే. ఈ లెక్క వేసుకోకుండ టికెట్లు బుక్ చేసి ఏడ్చినోళ్లను చూసిన.

మూడోది, ఎవ్వరూ అడగనిది: ఏమన్న అయితె దవాఖాన ఎంత దూరం. డైవింగ్‌ల వచ్చే జబ్బుకు మామూలు దవాఖాన చాలదు, రీకంప్రెషన్ చాంబర్, అంటె మనిషిని మళ్ల ఒత్తిడిల పెట్టే గది, కావాలె. మారుమూల రీఫ్ అంటె అందంగ ఉంటది నిజమే, కానీ చాంబర్ కూడా అంతే దూరముంటది. డైవ్ ఇన్సూరెన్స్ లేకుండ అసుంటి కాడికి పోకుండ్రి, మామూలు ట్రావెల్ ఇన్సూరెన్సులల్ల చాలావాటికి స్కూబా వర్తించదు, కాగితం చదువుకోండ్రి.

ఇంకొకటి మనసుంటి బాయి ఈతగాళ్లకే చెప్తున్న. ఊపిరి బిగబట్టడం మనకు అలవాటు, స్కూబాల అదే ప్రాణం తీస్తది. ప్రతి 10 మీటర్లకు ఒక వాతావరణం ఒత్తిడి పెరుగుతది, 10 మీటర్ల కాడ నిండుగ పీల్చిన గాలి మీదికొచ్చేసరికి రెండింతలైతది, బిగబట్టి లేస్తె ఊపిరితిత్తులు చిరుగుతయి. నా కోర్సుల మొదటి దినం మా ఇన్‌స్ట్రక్టర్ నా ముంగట మోకాళ్ల మీద కూసోని, నేను బిగబట్టినప్పుడల్లా వేలుతోటి నా నోట్ల ఉన్న రెగ్యులేటర్ (సిలిండర్ గాలి అందిచ్చేది) మీద కొట్టి బుడగలు చూపియ్యి అని సైగ చేసిండు, ఓ ఇరవై సార్లు కొట్టి ఉంటడు. ఈత రాని వాళ్లు ఈ ముక్క తొందరగ నేర్చుకున్నరు, నాకే ఆలస్యమైంది.

రీఫ్ దిక్కు

*నేత్రాణి.* కర్ణాటకల మురుడేశ్వర్ నుంచి సుమారు 19 కిలోమీటర్లు సముద్రంల ఉన్న చిన్న దీవి. రాయచూరు, హుబ్బళ్ళి మీదుగ కార్లనే పోవచ్చు, ఫ్లైట్ లేదు కాబట్టి పైసలూ తక్కువ. ఇంట్ల పెద్దోళ్లను తీస్కపోతె వాళ్లకు మురుడేశ్వర్ దర్శనం, మీకు డైవ్. నీళ్లు బాగున్న దినం చేపలు మస్తుగుంటయి, బాగలేని దినం ముంగట చెయ్యి కూడా మసక మసకగ కనబడుతది. వానకాలం మొత్తం బంద్, నవంబర్ నుంచి ఫిబ్రవరి దాక మంచిది. ఒక్కటే మాట, ఇది రుచి చూసే ట్రిప్పు, దీని కోసం వారం సెలవు పెట్టకుండ్రి. రుచి చూసి నచ్చితె అప్పుడు అండమాన్ పైసలు కూడబెట్టుకోండ్రి.

*అండమాన్.* మొదటిసారి కోర్సు చేసేటోళ్లకు నా ఓటు దీనికే. పాస్‌పోర్ట్ వద్దు, హైదరాబాద్ నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు, అంటె ఇప్పటి శ్రీ విజయపురానికి ఫ్లైట్, అక్కడ్నుంచి ఫెర్రీల హ్యావ్‌లాక్. హ్యావ్‌లాక్ పేరు 2018ల స్వరాజ్ ద్వీప్ అయ్యింది, నీల్ పేరు షహీద్ ద్వీప్, బుకింగుల రెండు పేర్లూ కనబడుతయి, గాబరా పడకుండ్రి. ఓపెన్ వాటర్ కోర్సు మూడు నాలుగు దినాలు పడుతది, ముప్పై వేల సుట్టూ అడుగుతరు. జనవరి నుంచి ఏప్రిల్ దాక సముద్రం నిమ్మళంగ ఉంటది.

నీమో రీఫ్ అని ఒడ్డు నుంచి నడుచుకుంట దిగేది ఉన్నది, నేర్చుకునేటోళ్లకు సరిపోతది. కార్డొచ్చినంక డిక్సన్స్ పినకిల్, జానీస్ గార్జ్ అసుంటివి, అవి లోతు, కరెంట్ (నీళ్ల గుంజుడు) ఉంటది, చేపలు గుంపులు గుంపులుగ తిరుగుతయి. కానీ ఒకటి నిజం చెప్పాలె. 2010ల, 2016ల సముద్రం వేడెక్కి అండమాన్ల కోరల్ చాలా తెల్లబడ్డది, 2024 ఏప్రిల్ల అయితె ప్రపంచమంతటా నాలుగోసారి బ్లీచింగ్ (ఇట్ల కోరల్ తెల్లబడుడు) నడుస్తున్నదని ప్రకటించిన్రు. కొన్ని కాడ ఎముకల లెక్క ఇరిగి పడున్న కోరల్ మీది నుంచి ఈదుకుంట పోవాలె, నాకు అది చూసినప్పుడు ఎండిపోయిన చెరువుల నిలబడ్డట్టె అనిపిచ్చింది. అందుకే పాత ఫోటో చూపిచ్చి రంగుల తోట అని చెప్పేటోళ్లను నమ్మకుండ్రి, ఈ నెల తీసిన వీడియో చూపియ్యుమని అడగండ్రి. ఇంకో మాట, చచ్చిన కోరల్ ముక్కైనా సరే జేబుల వేసుకోకుండ్రి, వన్యప్రాణి చట్టంల కోరల్ షెడ్యూల్ ఒకటిల ఉన్నది, ఎయిర్‌పోర్టుల దొరికితె కేసే.

*లక్షద్వీప్.* నీళ్లు చూస్తె అండమాన్ కంటె తేటగుంటయి, జనం తక్కువ. కష్టమల్లా పోవుడే. మనోళ్లకు కూడా ఎంట్రీ పర్మిట్ కావాలె, కొచ్చి పోయి అక్కడ్నుంచి అగత్తికి చిన్న విమానం లేకుంటె ఓడ, సీట్లు తక్కువ. బంగారం, కద్మత్ దీవులల్ల డైవింగ్ ఉన్నది. కార్డు చేతుల ఉండి, పర్మిట్ల కోసం నెలల ముంగట తిప్పలు పడే ఓపిక ఉన్నోళ్లకు ఇది మంచి బేరం. మొదటి ట్రిప్పుకు మాత్రం వద్దు.

*మాల్దీవులు.* వీసా తిప్పల లేదు, దిగినంక ఇస్తరు. ఇక్కడ రెండు దారులున్నయి. లోకల్ దీవిల గెస్ట్‌హౌస్ తీసుకొని దినానికి రెండు డైవులు చేసుడు ఒకటి, లివ్‌ఎబోర్డ్ అని వారమంతా పడవల్నే తిని పండుకొని దూరం దూరం రీఫులకు పోవుడు ఒకటి. లివ్‌ఎబోర్డ్ వారానికి లక్ష దాటుతది, పైగ చాలా పడవలోళ్లు అడ్వాన్స్‌డ్ కార్డు, ముప్పై నుంచి యాభై డైవుల అనుభవం అడుగుతరు. ఊకె అడుగుతలేరు. అక్కడి కందు అంటె అటోల్ (ఉంగరం లెక్క గుండ్రంగ ఉన్న రీఫ్, దీవుల వరుస) అంచుల నీళ్లు లోపలికి బయటికి పారే సందు, షార్కులు, మాంటా రేలు (రెక్కల లెక్క వెడల్పున్న పెద్ద చేపలు) వచ్చేది ఆ కరెంట్ కోసమే, ఆ కరెంట్‌ల పది డైవుల మనిషి గాలి మొత్తం ఇరవై నిమిషాలల్ల ఊదేస్తడు. అక్కడ చట్టం ప్రకారం ఎవ్వరైనా 30 మీటర్లే. బా అటోల్ల హనిఫారు బే అని మాంటా రేలు గుంపుగ తినడానికొచ్చే కాడ స్కూబా అసలే వద్దన్నరు, మాస్క్ పెట్టుకొని పైన ఈదుకుంట చూసుడే. డైవింగ్ రాని భార్యనో భర్తనో తీస్కపోయేటోళ్లకు ఇది మస్తు ఉపయోగం, ఇద్దరూ ఒకటే చూస్తరు.

మునిగిన ఓడల దిక్కు

మొదలు మన విశాఖ సంగతి, ఎందుకంటె అడుగుతనే ఉంటరు. 1971 డిసెంబర్ల విశాఖ ముంగట మునిగిన పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ, ఎన్కట అది అమెరికోళ్ల డయాబ్లో, టూరిస్టులు దిగే జాగ కాదు. అది లోతుల ఉన్నది, అండ్ల చనిపోయిన మనుషులున్నరు. దాని పేరు చెప్పి ఎవడన్న డైవ్ అమ్మితె పైసలియ్యకుండ్రి.

*శ్రీలంక.* 1942 ఏప్రిల్ 6న విశాఖ, కాకినాడ మీద జపాన్ విమానాలు బాంబులేసినయి. అదే దాడులల్ల మూడు దినాలకు, 9న, శ్రీలంక తూర్పు తీరంల బట్టికలోవ కాడ బ్రిటిషోళ్ల హెర్మిస్ అనే విమానవాహక ఓడను ముంచిన్రు. 307 మంది పోయిన్రు. ఘాజీ పక్కకు పెడితె మన తీరం కథకు ఇంత దగ్గరి ఓడ ఇంకోటి లేదు, అందుకే నాకు దాని మీద మనసు గుంజుతది. కానీ అది 50 మీటర్ల కాడ ఉన్నది, టెక్నికల్ డైవర్లకే. మనకు అందేది పడమటి దిక్కు హిక్కడువ కాడి కాంచ్ అనే పాత ఆయిల్ ట్యాంకర్, 1903ల మునిగింది, 20 మీటర్ల సుట్టూ. సీజన్ మాత్రం జాగ్రత్త: తూర్పు తీరానికి మే నుంచి సెప్టెంబర్, పడమటి తీరానికి నవంబర్ నుంచి ఏప్రిల్. ఇది తప్పితె పోయి హోటల్ల కూసుంటరు.

*బాలి, తులంబెన్.* మొదటి ఓడ చూసేటోళ్లకు నేను కండ్లు మూసుకొని చెప్పేది ఇదే. లిబర్టీ అని అమెరికా సరుకు ఓడ, 1942 జనవరి 11న జపాన్ సబ్‌మెరైన్ టార్పెడో కొట్టింది, ముంచనియ్యకుండ గుంజుకొచ్చి తులంబెన్ ఒడ్డుకు ఎక్కిచ్చిన్రు. ఇరవై ఏండ్లు ఒడ్డు మీదనే ఉన్నది. 1963ల అగుంగ్ అగ్నిపర్వతం పేలినప్పుడు భూమి కదిలి ఓడ మళ్ల నీళ్లల్లకు జారింది. అందుకే ఒడ్డు నుంచి కొద్ది దూరంల్నే ఉన్నది, పైభాగం 5 మీటర్ల కాడ, అడుగు 30 మీటర్ల కాడ. కార్డు లేనోళ్లు మాస్క్ పెట్టుకొని పైనుంచి చూస్తరు, ఓపెన్ వాటరోళ్లు 18 దాక, అడ్వాన్స్‌డోళ్లు అడుగుదాక. ఓడ మన లోతుకు రాదని మీద చెప్పిన గదా, ఈ ఒక్క ఓడ వచ్చింది.

పొద్దుగాల ఆరుకు అక్కడ నల్లటి గుండ్రాళ్ల ఒడ్డు. పడవ లేదు. ఊరి ఆడోళ్లు నెత్తి మీద చుట్టబట్ట పెట్టుకొని దాని మీద సిలిండర్ అడ్డంగ పెట్టుకొని, మన దిక్కు బోరింగ్ కాడి నుంచి బిందె తెచ్చినట్టె, చెయ్యి కూడా పట్టకుండ ఆ రాళ్ల మీద చెప్పులతోటి నడుచుకుంట పోతున్నరు. నేను బూట్లేసుకొని రెండుసార్లు జారిన. నీళ్లల్లకు దిగి నల్ల ఇసుక మీది నుంచి ఈదుకుంట పోతె ముందు ఏం కనబడదు, తర్వాత నీలంల నుంచి ఒక గోడ లెక్క మెల్లగ తేలుతది. ఇనుము ఎక్కడున్నదో కోరల్ ఎక్కడ మొదలైందో తెల్వదు. పెద్ద నుదురు పొడుచుకొచ్చిన చిలుక చేపలు, బంప్‌హెడ్ అంటరు, గొర్ల మంద లెక్క ఓడ నీడల నుంచి బయటికొచ్చినయి, అవి రాత్రి అక్కడ్నే పండుకుంటయట. రీఫ్ కావాల్నా ఓడ కావాల్నా అని కొట్లాడుకునేటోళ్లకు చెప్తున్న, నీళ్లల్ల 60 ఏండ్లున్న ఓడ అంటె రీఫే.

*ఎర్ర సముద్రం.* ఈజిప్టు. థిస్టిల్‌గార్మ్ అనే బ్రిటిష్ ఓడను 1941 అక్టోబర్ 6న జర్మన్ విమానాలు ముంచినయి, 30 మీటర్ల కాడ ఉన్నది, అండ్ల లారీలు, బైకులు, తుపాకులు ఇప్పటికీ ఎక్కిచ్చినట్టె ఉన్నయి, పక్కన రైలింజన్లు కూడా. నేను ఇంకా పోలే, డబ్బులు జమ చేస్తున్న. నాకు దానికంటె అబూ నుహాస్ రీఫ్ కాడి కార్నాటిక్ చూడాలెనని ఉన్నది. 1869 సెప్టెంబర్ల సూయజ్ నుంచి బొంబాయికి బయలెల్లి ఆ రీఫ్‌కు గుద్దుకున్న ఓడ, అండ్ల 40 వేల బ్రిటిష్ పౌండ్ల విలువైన బంగారం ఉండె. ఇంకో రెండు నెలలకు సూయజ్ కాలువ తెరిచిన్రు. రీఫ్ మీద ఓడ నిలబడ్డది గదా అని ప్రయాణికులు ఒకటిన్నర దినం ఓడల్నే ఉన్నరు, ఆఖరికి రెండు ముక్కలై 31 మంది పోయిన్రు. ఈ ట్రిప్పుకు అడ్వాన్స్‌డ్ తప్పనిసరి అనుకోండ్రి, కరెంట్ గట్టిగుంటది, చలికాలం నీళ్లు 22 డిగ్రీల సుట్టూ, మనకు మస్తు చలిపెడుతది, మందం వెట్‌సూట్ (ఒంటికి చలి ఆపే రబ్బరు డ్రెస్సు) కావాలె. ఇంకా 2023ల, 2024ల ఇక్కడ లివ్‌ఎబోర్డ్ పడవలు కాలినయి, మునిగినయి, మనుషులు పోయిన్రు. పడవ ఎంచుకునేటప్పుడు రేటు కంటె ముందు పండుకునే గదికి రెండు దారులున్నయా, రాత్రంతా మేలుకొని ఉండే మనిషి ఉంటడా అడగండ్రి.

*చూక్ లగూన్.* పసిఫిక్‌ల మైక్రోనేషియా, 1944 ఫిబ్రవరి 17, 18 తారీఖులల్ల అమెరికా విమానాలు జపాన్ ఓడలను ముంచిన జాగ, నలభైకి పైగ ఓడలు ఒక్క కాడ. ఫుజికావా మారు అనే ఓడను 30 మీటర్ల లోపల్నే చాలా చూడొచ్చు, శాన్‌ఫ్రాన్సిస్కో మారు అనే ఓడ మీది యుద్ధ ట్యాంకులు 50 మీటర్ల కాడ. పోయేదారి ఎక్కువగ గువాం మీదుగ, గువాం అంటె అమెరికా వీసా. వంద డైవులు అయినంక ఆలోచిద్దురు.

ఒక్క చూపుల

| జాగ | ఏం కార్డు | మంచి కాలం | ఎన్ని దినాలు | ఎవరికి |
|---|---|---|---|---|
| నేత్రాణి | అక్కర్లేదు | నవంబర్–ఫిబ్రవరి | 3 | రుచి చూసేటోళ్లకు |
| అండమాన్ | అక్కడ్నే చేయొచ్చు | జనవరి–ఏప్రిల్ | 7 | కోర్సు చేసేటోళ్లకు |
| లక్షద్వీప్ | ఓపెన్ వాటర్ | అక్టోబర్–మే మొదలు | 7, పర్మిట్ తిప్పలు వేరే | ఓపిక ఉన్నోళ్లకు |
| మాల్దీవులు గెస్ట్‌హౌస్ | ఓపెన్ వాటర్ | జనవరి–ఏప్రిల్ | 6 | జంటలకు |
| మాల్దీవులు లివ్‌ఎబోర్డ్ | అడ్వాన్స్‌డ్, 30–50 డైవులు | జనవరి–ఏప్రిల్ | 9 | షార్కులు, మాంటా రేల కోసం |
| హిక్కడువ | అడ్వాన్స్‌డ్ మంచిది | నవంబర్–ఏప్రిల్ | 5 | దగ్గర్ల ఓడ కావాలన్నోళ్లకు |
| తులంబెన్ | ఓపెన్ వాటర్ | ఏప్రిల్–నవంబర్ | 7 | మొదటి ఓడకు |
| ఎర్ర సముద్రం | అడ్వాన్స్‌డ్ | ఏడాదంతా | 9 | చరిత్ర పిచ్చోళ్లకు |
| చూక్ | అడ్వాన్స్‌డ్, మస్తు డైవులు | ఏడాదంతా | 12 | అన్నీ చూసినంక |

మీరు ఎవరు అనేదాన్ని బట్టి

ఈత రానోళ్లు: 12 మీటర్ల లోపటి ట్రయల్ డైవ్‌కు ఈత అక్కర్లేదు, కార్డుకు మాత్రం ఆగకుండ 200 మీటర్లు ఈదాలె, 10 నిమిషాలు తేలాలె. దాని కోసం సాగర్ల, జూరాల కాడ ప్రాక్టీస్ చేస్తమని దిగకుండ్రి, ఆ నీళ్ల కింద ఏ గుంజుడు ఉంటదో ఒడ్డు మీది నుంచి కనబడదు. రెండు నెలలు స్విమ్మింగ్ పూల్‌కు పోండ్రి.

పిల్లలున్నోళ్లు: 10 ఏండ్లు నిండితె జూనియర్ కోర్సు ఉన్నది. పిల్లకు భయముంటె గుంజుకపోకుండ్రి, నీళ్ల కింద ఏడిస్తె మాస్క్ తుడిచేటోళ్లు ఉండరు.

బీపీ, షుగర్, ఆస్తమా ఉన్నోళ్లు: టికెట్ కంటె ముందు డాక్టర్ కాగితం. మెడికల్ ఫారంల అవును అని టిక్కు పడితె డాక్టర్ సంతకం కావాల్సి రావచ్చు, అక్కడికి పోయినంక తెలిస్తె పైసలు పోయినట్టే. మారుమూల లివ్‌ఎబోర్డ్ వీళ్లకు నేను చెప్ప.

సర్ది అయినోళ్లు: నా సొంత అనుభవం. ఒక ట్రిప్పుల ముక్కు దిబ్బడతోటి పోయిన, షాపోడు ఫారం చదవకుండనే సంతకం పెట్టమన్నడు, నేను పెట్టిన. 6 మీటర్ల కాడ కుడి చెవి తెరుచుకోలే, ముక్కు మూసి ఊదినా కాలే, ఇంకో మీటర్ దిగేసరికి చెవుల సూది దింపినట్టయింది. మీదికొచ్చి చూస్తె మాస్క్‌ల రక్తం. మిగిలిన రెండు దినాలు ఒడ్డు మీద కూసున్న. చెవి తెరుచుకోకుంటె ఒక మీటర్ మీదికి లేచి మళ్ల ప్రయత్నం చెయ్యాలె, కాకుంటె డైవ్ బంద్, బలవంతంగ ఊదకుండ్రి.

ఓడల పిచ్చి ఉన్నోళ్లు: లోపలికి దూరాలెనని అందరికీ ఉంటది. ఓడ లోపల కాళ్లకేసుకున్న ఫిన్ (ఈత రెక్క) ఒక్కసారి తన్నితె ఎన్నో ఏండ్ల మడ్డి లేసి టార్చ్ వెలుగు కూడా కనబడదు, నెత్తి మీద ఇనుము, ఎటు దారో తెల్వదు. తాడు కట్టుకుంట పోయే రెక్ (మునిగిన ఓడల) ట్రైనింగ్ అయ్యేదాక వెలుగు కనబడే తలుపు కాడ్నే ఆగండ్రి. మునిగిన ఓడలల్ల చాలావరకు సమాధులు, గిన్నె కాదు గదా బోల్టు కూడా తీస్కరావొద్దు.

పైసలు కట్టేముందు షాపోళ్లను అడిగేవి

ఒక ఇన్‌స్ట్రక్టర్‌కు ఎంతమంది, నలుగురి కంటె ఎక్కువంటె ఇంకో షాపు చూడండ్రి. పడవల ఆక్సిజన్ ఉన్నదా, ఉన్నదంటె చూపియ్యుమనండ్రి. డైవ్ కంప్యూటర్ (లోతు, టైం చూపే గడియారం లెక్కది) ఎవరి చేతికి ఉంటది, ఒక్క గైడ్‌కే అంటె మీకు కూడా అద్దెకు అడగండ్రి. ఎంత గాలి మిగిలితె మీదికి తెస్తరు, 200 బార్‌తోటి (సిలిండర్ల గాలి ఒత్తిడి కొలత) దిగి 50 మిగిలేలోపు పడవ కాడ ఉండాలె, అంటె ఆ ముంగట 5 మీటర్ల కాడ మూడు నిమిషాలు ఆగుడు కూడా అయిపోవాలె. అన్నీ అయినంక దిగే పొద్దు సిలిండర్‌కు రెగ్యులేటర్ బిగిచ్చి రెండు మూడు సార్లు పీల్చి చూడండ్రి, గేజ్ ముల్లు పీల్చినప్పుడల్లా ఊగుతున్నదంటె వాల్వ్ సగమే తెరిచిన్రు, గాలి డీజిల్ వాసనొస్తున్నదంటె ఆ సిలిండర్ వద్దని తిరిగియ్యండ్రి.